పోయిందా సారు

పొద్దున్నే మనిషి ఎదురైతే ఎవరైనా ఏమంటారు? బాగున్నారా అంటారు. కాఫీ తాగారా అంటారు. ఏమీ తోచకపోతే ఇవాళ ఎండ మండిపోతోందని ఆకాశం వంక చూస్తారు. ఆయన మాత్రం "పోయిందా?" అంటారు.

ఎవరు పోయారు, ఏం పోయింది అని గుండె పట్టుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. పాతవాళ్ళు తల కూడా ఎత్తరు. "ఇంకా లేదు సార్" అంటారు. "పోతుందిలే" అని ఎంతో భరోసాగా భుజం తట్టి, చేతిసంచీ మేకుకు తగిలించి, ఆయన తన కుర్చీలో కూర్చుంటారు. దాంతో ఆ పరిశోధనశాలలో రోజు మొదలైనట్టు లెక్క. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకు ఉందో లేదో జీతాల గుమాస్తాకే తెలియాలి. మిగతా లోకానికి ఆయన పోయిందా సారు.

అలాగని ఆయన అన్నదాంట్లో అబద్ధమూ లేదు. ఆ ల్యాబులో అన్నీ పోయేవే. అక్కడి పని చెప్పడానికి తేలిక. కోతలయ్యాక మిగిలిన గడ్డి, రంపపు పొట్టు, ఎండు కొమ్మలు గాలి తగలకుండా బాగా వేడిచేస్తే పొగ వస్తుంది. ఆ పొగను ఊరికే చల్లారిస్తే నల్లటి, పుల్లటి, కంపు కొట్టే జిగురు మిగులుతుంది. దాన్ని బండిలో పోస్తే ఇంజను అక్కడికక్కడే దండం పెట్టేస్తుంది. అదే పొగను ఉత్ప్రేరకం మీదుగా పంపిస్తే తేనెరంగు నూనె దిగుతుంది. దాన్నుంచి పెట్రోలు, డీజిలు చేసుకోవచ్చు. ఉత్ప్రేరకం అనేది పుస్తకాల్లో మాట, ల్యాబులో గుళికలు అంటారు. చూడటానికి విరిగిన మాత్రల్లా తెల్లగా ఉంటాయి. ఒక్కో గుళికలో కంటికి కనపడని గదులు లక్షల్లో ఉంటాయి. పొగ ఆ గదుల్లోకి వెళ్ళి బుద్ధి తెచ్చుకుని బయటికొస్తుంది.

చిక్కంతా ఎక్కడంటే, పొగ తాను బాగుపడి గుళికను పాడుచేసి పోతుంది. గదుల నిండా మసి పేరుకుంటుంది. ఆ మసిని గాలి పంపి కాల్చేస్తే గుళిక మళ్ళీ తెల్లబడి లేచి కూర్చుంటుంది. కాని కాల్చినప్పుడల్లా ఎంతో కొంత ఆయుష్షు తగ్గుతుంది. మసికి చావనిది వేడికి చస్తుంది, వేడికి చావనిది గడ్డిలోని ఉప్పుకు చస్తుంది. ఎంత కాల్చినా నాలుగు కాలాలపాటు బతికే గుళికను తయారుచెయ్యడమే ఆ ల్యాబు పుట్టుకకు కారణం. సారు అక్కడ చేరినప్పుడు జుట్టు నల్లగా, ఒత్తుగా ఉండేదట. ఇప్పుడు నలుపూ లేదు, ఒత్తూ లేదు, ఆ గుళికా లేదు.

ల్యాబులో అందరూ చిన్న మేడం అని పిలిచే అమ్మాయికి ఉద్యోగంలో చేరిన రోజు బొత్తిగా ఇవేమీ తెలియవు. కొత్త చెప్పులు, కొత్త ఉత్సాహం. నేరుగా ఆయన ముందుకెళ్ళి నమస్కారం పెట్టింది.

"ఆహా, నువ్వేనా అమ్మా కొత్తమ్మాయివి? కూర్చో. నీ గుళికను దేనితో చంపుదామనుకుంటున్నావు?"

"చంపడమేమిటి సార్? చావని గుళిక చెయ్యాలని వచ్చాను."

మూలన గొట్టం బిగిస్తున్న ఫిట్టరు బాబాయ్ నవ్వాపుకోలేక స్పానరు వదిలేశాడు. సారు మాత్రం నవ్వలేదు. జాలిగా తల ఊపారు. "మంచిదమ్మా. అందరూ అందుకే వస్తారు. బిస్కెట్లు ఇష్టమేనా? ఇక్కడ తరచుగా తినాల్సి వస్తుంది."

బిస్కెట్ల సంగతి ఆ వారమే తెలిసింది. గుళిక పోయినప్పుడల్లా ఆ ల్యాబులో సంతాపసభ జరుగుతుంది. సారు తన డబ్బుతో బిస్కెట్లు తెప్పిస్తారు. అందరూ లేచి నిలబడి కాసేపు మౌనం పాటిస్తారు. తరవాత సారు గొంతు సవరించుకుంటారు. "మంచి గుళిక. ఉన్నన్నాళ్ళూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. పాపం, ఉప్పు పడలేదు." ఆ తరవాత చచ్చిన గుళికలను చిన్న గాజుసీసాలో పోసి, మీద కారణం రాసి అంటించి, గోడ బీరువాలో పెడతారు. ఆ బీరువాకు ఫిట్టరు బాబాయ్ పెట్టిన పేరు పరలోకం. మసి, వేడి, ఆవిరి, ఉప్పు, ఇలా ఏ సీసా చూసినా కారణమే తప్ప మనిషి పేరు ఉండదు. ఒకసారి చిన్న మేడం తన సీసా మీద "నా తొందర" అని రాస్తే సారు చించేశారు. "మనుషులను సీసాల మీద రాయకూడదమ్మా. గుళిక ఎందుకు పోయిందో రాయి, అంతే."

ల్యాబు దాటి బయటికొచ్చినా ఆయన నోరు ఊరుకునేది కాదు. కొత్త భవనానికి లిఫ్టు పెట్టారు. డైరెక్టరు రిబ్బను కత్తిరించి, చప్పట్ల మధ్య లోపలికి అడుగుపెట్టబోతుంటే జనంలోంచి సారు గొంతు ఎంతో ఆప్యాయంగా వినపడింది. "పోతుందండీ. మెట్లున్నాయి కదా, ఎందుకు చెప్పండి?" డైరెక్టరు పళ్ళు నూరుకుని మీట నొక్కారు. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య లిఫ్టు పోయింది. మెకానిక్కు వచ్చేదాకా సారు మెట్ల మీద కూర్చుని తలుపు సందులోంచి ధైర్యం చెబుతూనే ఉన్నారు.

"లోపల లైటు వెలుగుతోందాండీ?"

"వెలుగుతోంది, వెలుగుతోంది!"

"పోతుంది. కంగారు పడకండి. పోయినా నేనిక్కడే ఉంటాను."

లైటు పోయింది. ఆయనా అక్కడే ఉన్నారు. మొదటి సంగతి ఊరంతా చెప్పుకున్నారు, రెండోది ఎవరికీ గుర్తులేదు.

ఫిట్టరు బాబాయ్ కూతురి పెళ్ళిలో వచ్చినవాళ్ళందరూ జంటను కలకాలం చల్లగా ఉండమన్నారు. సారు వంతు వచ్చింది. "పోట్లాడుకుంటారు" అన్నారు. పెళ్ళికొడుకు ముఖాన నెత్తురు చుక్క లేదు. "తప్పదు నాయనా, ఎవరికైనా తప్పదు. మొదటిసారి పోట్లాడుకున్నప్పుడు నాకు ఫోను చెయ్యండి, మొహమాటపడకండి." పెళ్ళికూతురి తల్లి ఆయన్ను మర్యాదగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, భోజనాల బల్ల చిట్టచివర, ఎవరికీ వినపడనిచోట కూర్చోబెట్టింది.

చిన్న మేడం బుద్ధి గడ్డితిని ఒకసారి ఆయన్ను ఇంటికి భోజనానికి పిలిచింది. వాళ్ళమ్మ కొత్త ఫ్రిజ్ చూపించి మురిసిపోతుంటే, సారు దానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. "పోతుందండీ అమ్మగారూ. చప్పుడులో కాస్త ఆయాసం ఉంది."

"నిన్నగాక మొన్న కొన్నామండీ!"

"అందుకే చెబుతున్నా. పోయినరోజు ఒక్కమాట నా చెవిన వెయ్యండి."

వారం తిరక్కుండా ఫ్రిజ్ చల్లదనం మరిచిపోయింది. "ఆ మనిషి మళ్ళీ ఈ గడప తొక్కితే చూడు, నేనే ఇల్లు వదిలి పోతాను!" అని అమ్మ శివాలెత్తింది. ఆ సాయంత్రమే సారు మెకానిక్కును వెంటబెట్టుకుని గడప తొక్కారు. అమ్మ మెకానిక్కుకు టీ ఇచ్చింది. సారుకు ఇవ్వలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, చిన్న మేడంకు నవ్వే ఓపిక రానురాను తగ్గిపోయింది. ఆమె చేసిన గుళికలు ఒక్కొక్కటే పరలోకం చేరుతున్నాయి. ఒకటి మసికి, ఒకటి ఆవిరికి, ఒకటి చేతిలో ఉండగానే పిండి అయిపోయి. పొద్దున సారు "పోయిందా?" అనడం, తను "పోయింది సార్" అనడం, మధ్యాహ్నం బిస్కెట్లు. రాత్రి అన్నం సహించేది కాదు. ఆ మాట వింటేనే ఒళ్ళు మండిపోయేది. ఒక మనిషి పొద్దున్నే లేచి, తలదువ్వుకుని, బస్సెక్కి వచ్చి చావుకబురు అడగడమేమిటి? ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు బాగుందా అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

ఇంతలో డైరెక్టరు కబురంపారు. "సమీక్ష కమిటీ వస్తోందమ్మా. పైవాళ్ళకు ఈ ల్యాబు మీద ఆశ వదిలిపోయింది. కమిటీ వచ్చేసరికి నీ గుళిక బతికుండి నూనె దిగుతూ కనపడితే ముసలమ్మ ఉంటుంది. లేదంటే దాన్ని పాత ఇనుముకు వేసేసి గదికి తాళం పెడతారు. నీ ఉద్యోగం కూడా ముసలమ్మ కొంగుకే కట్టి ఉంది, తెలుసుగా?"

ముసలమ్మ అంటే గుళికలను పరీక్షించే యంత్రం. మనిషెత్తు ఉక్కు గొట్టం, దానికి చుట్టూ వేడితీగలు, పైన చలి కాచుకుంటున్నట్టు మందపాటి దుప్పటి. వేడెక్కేటప్పుడు మూలుగుతుంది, చల్లారేటప్పుడు సణుగుతుంది. దాని కీళ్ళన్నిటికీ ఫిట్టరు బాబాయ్ వైద్యం. దాన్ని విడగొట్టి బండికెత్తుతారనుకుంటేనే చిన్న మేడంకు ఏడుపొచ్చింది. తను పోతే ఇంకోచోట ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటుందేమో. ముసలమ్మ పోతే చావని గుళిక ఉందో లేదో ఇక వెతికే దిక్కే ఉండదు.

అప్పుడు చేసింది ఆమె ఆ గుళికను. పళ్ళు బిగబట్టి, మొండికేసి చేసింది. ఇంతకాలం మసి గదుల్లో కన్నా గుమ్మాల్లో ఎక్కువగా పేరుకుని దారి మూసేస్తోందని కనిపెట్టి, గదుల మధ్య వెడల్పాటి వీధులు పెట్టింది. ఉప్పు లోపలికి రాకుండా బయట పలచటి పూత వేసింది. ముసలమ్మలో పోసి వేడిచేస్తే తేనెరంగు నూనె దిగింది. మసి పట్టింది. కాల్చారు. మళ్ళీ తేనెరంగు. మళ్ళీ మసి, మళ్ళీ కాల్చడం, మళ్ళీ తేనెరంగు. వారాలు గడిచాయి.

"పోయిందా?"

"ఇంకా లేదు సార్."

"పోతుందిలే."

ఇంకొన్ని వారాలు గడిచాయి. పరలోకంలో ఉన్నవాటన్నిటికన్నా ఇది ఎక్కువకాలం బతికింది. ఒక పొద్దున ఆమె "ఇంకా లేదు సార్" అంటే ఆయన "పోతుందిలే" అనలేదు. "ఊఁ" అన్నారు. ఫిట్టరు బాబాయ్ గబగబా చిన్న మేడం దగ్గరికొచ్చి చెవిలో గొణిగాడు. "విన్నావా? సారు ఊఁ అన్నారు! పాతికేళ్ళలో నేను వినలేదమ్మాయ్ ఆ ముక్క!"

రేపు కమిటీ వస్తుందనగా ఆ మధ్యాహ్నం కొంప మునిగింది.

గుళికల మసి కాల్చేటప్పుడు గాలిని కొంచెం కొంచెంగా, వెంట్రుకవాసి చొప్పున వదలాలి. గాలి ఎక్కువైతే మసి ఒక్కసారిగా అంటుకుని లోపల కొలిమి అయిపోతుంది. అది తెలియని పిల్లకాదు. కాని ఫిట్టరు బాబాయ్ సిలిండరు కోసం స్టోరుకెళ్ళాడు. డైరెక్టరు అప్పటికే ముచ్చటగా మూడోసారి ఫోను చేశారు. "బాగుందా అమ్మా? రేపు పొద్దునకల్లా నూనె దిగుతుండాలి సుమా." "బాగుంది సార్" అని ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గాలి వదిలే మరను ఇంకాస్త తిప్పింది. అంతే, ఇంకాస్త. వేడి చూపించే ముల్లు ఎగిరి గంతేసింది. మర కట్టేసింది. ముల్లు దిగలేదు. ముసలమ్మ ఎప్పుడూ మూలగనంత గట్టిగా మూలిగింది.

చల్లారాక గడ్డిపొగ మళ్ళీ పంపించింది. కింద గాజుబుడ్డిలోకి చుక్క దిగింది. నల్లగా, జిగటగా, పుల్లటి కంపుతో. రెండో చుక్కా అంతే. ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. వారాల తరబడి బతికిన గుళిక తన చేతి విసురుకు గుటుక్కుమంది.

ఫిట్టరు బాబాయ్ సిలిండరు దొర్లించుకుంటూ వచ్చి, "అంతా బాగేనా అమ్మాయ్?" అన్నాడు.

"బాగే బాబాయ్."

గాజుబుడ్డి మీద గుడ్డ కప్పి ఇంటికొచ్చేసింది. అమ్మ కంచం ముందు పెట్టి అడిగింది. "ఏమిటే అలా ఉన్నావు? రేపటికి అంతా బాగుందా?"

"బాగుందమ్మా."

మళ్ళీ డైరెక్టరు ఫోను. "బాగుందా?" "బాగుంది సార్." ఎవరడిగినా అదే మాట. నోరు తానే చెప్పేస్తోంది. చెప్పేకొద్దీ నిజం ఇంకాస్త లోపలికి పోయి, బయటికి తియ్యడం ఇంకాస్త కష్టమవుతోంది. చివరికి దాన్ని తియ్యడమే వద్దనిపించింది. ల్యాబు అలమరలో అదే గుళికలు, అదే రోజు చేసినవి, వాడనివి ఒక సీసా నిండా ఉన్నాయి. పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్ళి, చచ్చినవి తీసేసి అవి పోసేస్తే? తెల్లటివి తెల్లటివే. తేనెరంగు నూనె దిగుతుంది. ఇన్ని వారాలుగా బతికిన గుళికలు ఇవేనండీ అంటే కాదనేదెవరు? ముసలమ్మ ఉంటుంది. కమిటీ వెళ్ళిపోయాక అసలుది మళ్ళీ చేసుకోవచ్చు. ఒక్క అబద్ధం, ఒకే ఒక్కటి.

తెల్లవారీ తెల్లవారకముందే ల్యాబుకు చేరింది. అలమర తెరిచి సీసా తీసింది. ముసలమ్మ మూత మీద చెయ్యి వెయ్యబోతుండగా తలుపు చప్పుడైంది. సారు. ఎన్నడూ లేనిది ఇంత పెందలాడే వచ్చారు. ఆమె ముఖం చూశారు, చేతిలో సీసా చూశారు, గుడ్డ కప్పిన గాజుబుడ్డి చూశారు. ఇంకో మనిషైతే ఏమిటమ్మా ఇది అనేవాడు. ఆయన తనకు చేతనైన ఒక్కమాటే అన్నారు.

"పోయిందా?"

ఆమెకు నిన్నటినుంచి బయటికి రాని మాట ఒక్కసారిగా కదిలింది. ఏమీ చెప్పక్కర్లేదు. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించక్కర్లేదు. సగం ఆయనే చెప్పేశారు. తను తల ఊపితే చాలు.

"పోయింది సార్" అని భోరుమంది.

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం."

"దేనికి?"

"నా వల్లే సార్. నేనే..."

"మనుషులు కాదమ్మా. దేనికి?"

"వేడికి" అంది ముక్కు చీదుకుంటూ.

"వేడా. అయ్యో పాపం." చేతిసంచీ మేకుకు తగిలించారు. ఆమె చేతిలోంచి సీసా తీసుకుని అలమరలో దాని చోట దాన్ని పెట్టి తలుపు వేశారు. అదెందుకు తీశావని అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు. "కూర్చో. టీ తాగావా? తాగి ఉండవులే. బిస్కెట్లు తెస్తాను" అని బయటికెళ్ళారు.

ఫిట్టరు బాబాయ్ వచ్చేసరికి ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. సంగతి విని అతను ముసలమ్మ పక్కనే చతికిలబడ్డాడు. తరవాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

"నీకు ముందు ఒక కుర్రాడుండేవాడమ్మాయ్, మా పెద్దోడి ఈడు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే పనిచేసేవాడు. అప్పుడు సారు కూడా అందరిలాగే పొద్దున్నే బాగుందా నాయనా అనేవారు. వాడు బాగుంది సార్ అనేవాడు. ఆ గుళిక చచ్చి నెలలైందని ఎవరికి తెలుసు? వాడు పాత అంకెలే మళ్ళీ మళ్ళీ చూపిస్తూ వచ్చాడు. ఒకరోజు బయటపడింది. నలుగురిలో పరువు పోయింది. వెళ్ళిపోయాడు. చేసిన చదువంతా గాలికొదిలేసి ఎటో పోయాడు."

"సారు తిట్టారా?"

"తిట్టడమా? తలుపేసుకుని కూర్చున్నారు. రెండోనాడు నాతో అన్నారు. ఏమోయ్, బాగుందా అని అడిగితే ఎవడైనా ఏం చెబుతాడు, బాగుందనే కదా చెబుతాడు? నేనే వాడి నోరు నొక్కేశాను అన్నారు. ఆ మర్నాటినుంచే ఈ పోయిందా మొదలు. నిజం చెప్పొద్దూ, మతి చలించిందనుకున్నాం. తరవాత చూస్తే..." అతను పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మా అమ్మాయి పెళ్ళైన కొత్తలో మొగుడితో గొడవపడి మూడురోజులు అన్నం మానేసింది. కన్నవాళ్ళం, మాకు చెప్పలేదు. ఫోను చేస్తే బాగున్నాం నాన్నా అంది. చెప్పింది ఎవరికనుకున్నావు? ఆయనకు."

సారు బిస్కెట్ల పొట్లంతో తిరిగొచ్చారు. "ఏమిటోయ్ ఆ ముచ్చట్లు? ముసలమ్మ మూత తియ్యండి. శవాన్ని చూడాలి. కమిటీ వచ్చేలోగా ఎలా పోయిందో తేలాలి కదా."

కమిటీకి పెద్ద ఒక పెద్దావిడ. కళ్ళజోడు ముక్కు చివర, చూపు మాత్రం సూటిగా. డైరెక్టరు తేనెరంగు నూనె బొమ్మలు తెరమీద వేసి, నవ్వు పులుముకుని, "మా గుళిక ఎలా ఉందో మావాళ్ళే చెబుతారు" అన్నారు.

సారు లేచి గొంతు సవరించుకున్నారు. "మంచి గుళికండీ. నిన్న మధ్యాహ్నం పోయింది."

డైరెక్టరు నవ్వు అలాగే ఉండిపోయింది, ఎవరో తియ్యడం మరిచిపోయినట్టు. అప్పుడు చిన్న మేడం లేచింది. ఎలా పోయిందో చెప్పింది. విరగ్గొట్టిన గుళికలు పళ్ళెంలో చూపించింది. గొట్టం మధ్యలో ఉన్నవి కరిగి గాజులా నిగనిగలాడుతున్నాయి, వాటి గదులన్నీ మూసుకుపోయాయి. అంచుల్లో ఉన్నవి ఇంకా బాగానే ఉన్నాయి. ఇన్ని వారాల్లో మసి దీన్ని చంపలేకపోయింది, ఉప్పు చంపలేకపోయింది, ఒక్కపూట గాలి ఎక్కువై పోయింది. ఈసారి చేస్తే లోపల వేడి పుట్టగానే నలువైపులా పాకిపోయే గుళిక చెయ్యాలి. "గాలి మర తిప్పింది నేనేనండీ" అని కూడా చెప్పేసింది. సారు ఆమె వంక కోపంగా చూశారు.

పెద్దావిడ పళ్ళెంలోంచి ఒక గుళిక తీసి వెలుగుకు పట్టి చూసింది. "నేను చాలా ల్యాబులు తిరిగాను. ఎక్కడికెళ్ళినా అన్నీ బాగున్నాయంటారు. అంత బాగుంటే ఆ నూనె బజారులో ఏదని అడిగితే మాత్రం టీ తాగండి అంటారు. చచ్చిందని చెప్పినవాళ్ళు మీరే." అంతే అంది. మెచ్చుకుందో నొచ్చుకుందో ఎవరికీ అర్థం కాలేదు. బిస్కెట్టు మాత్రం తింది.

ఆ తరవాత ఎదురుచూపులు. ఏ కబురూ లేదు. చిన్న మేడం కొత్త గుళిక మొదలుపెట్టింది గాని చెయ్యి ఆడలేదు. అమ్మకు మాత్రం జరిగిందంతా చెప్పేసింది, చేతిలోకి తీసిన సీసాతో సహా. "నేనూ బాగుందా అనే కదే అడిగాను" అంది అమ్మ.

ఒక పొద్దున సారు వచ్చారు. చేతిసంచీ తగిలించకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. కిటికీ వంక చూశారు, ముసలమ్మ వంక చూశారు, గొంతు సవరించుకున్నారు. "బాగున్నావా అమ్మా?" అన్నారు.

ఫిట్టరు బాబాయ్ చేతిలో స్పానరు నేల మీద పడి ఖంగుమంది. చిన్న మేడం వచ్చాక ఏనాడూ ఆయన నోట రాని మాట.

"అమ్మగారు బాగున్నారా? ఎండ బాగా ముదిరిందమ్మా. బస్సులో కూడా..." అంటూ ఆయన సంచీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నారు. పాపం, అందరినీ అడిగే మనిషిని అడిగేవాళ్ళు లేరు. ఆమె లేచి దగ్గరికెళ్ళి నెమ్మదిగా అడిగింది.

"పోయిందా సార్?"

ఆయన భుజాలు ఒక్కసారిగా దిగాయి. "పోయిందమ్మా" అన్నారు. "హమ్మయ్య! గేటు దగ్గర్నుంచీ ఎలా చెప్పాలా అని చస్తున్నాను."

"ఎప్పుడు?"

"నెలాఖరుకు తాళం. ముసలమ్మను తీసుకెళ్ళిపోతారు. నాకూ అంతటితో సెలవు."

"దేనికి పోయింది సార్?"

"దేనికేమిటి, పైవాళ్ళకు ఓపిక..." అని నాలుక కరుచుకున్నారు. "వద్దులే. మనుషులను రాయకూడదు. తుప్పు అని రాయి."

ముగ్గురూ కాసేపు ముసలమ్మ పక్కనే కూర్చున్నారు. ఏడుపొచ్చినవాళ్ళు ఏడ్చారు. ఫిట్టరు బాబాయ్ కూడా దాచుకోలేదు. ఆ తరవాత గాని సారుకు మిగతా సగం గుర్తురాలేదు. "అన్నట్టు నువ్వు పోలేదమ్మా. పెద్దావిడ పట్టుబట్టిందట. చచ్చింది చచ్చిందని చెప్పే మనిషి దొరకదు, వదులుకోవద్దందట. పక్క బిల్డింగులో వాడేసిన వంటనూనెలోంచి డీజిలు తీస్తారుగా, అక్కడ వేశారు. ఇతన్నీ అక్కడికే."

"ముందు చెప్పొచ్చు కదా సార్ ఆ మాట!"

"మంచి కబురుకు తొందరేముందమ్మా? అది ఎప్పుడైనా చెప్పుకోవచ్చు."

నెలాఖరున ముసలమ్మకు సంతాపసభ జరిగింది. బిస్కెట్లు మామూలే. ఈసారి ఫ్లాస్కు నిండా టీ కూడా వచ్చింది. చిన్న మేడం వాళ్ళమ్మ పంపింది. "ముందు ఆ మనిషికి పొయ్యి" అని గట్టిగా చెప్పి మరీ పంపింది. సారు కప్పు అందుకుని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకున్నారు. "చల్లారిపోతుంది" అని మిగతాది గబగబా తాగేశారు. పరలోకంలోని సీసాలన్నిటినీ పెట్టెల్లో సర్ది పక్క బిల్డింగుకు మోశారు.

కొత్త గదిలో మొదటి పొద్దున. చిన్న బల్ల, చిన్న యంత్రం, ఇంకా పేరు కూడా పెట్టలేదు దానికి. చిన్న మేడం గుడ్డతో దుమ్ము తుడుస్తోంది. తలుపు చప్పుడైంది. నిన్నటితో ఉద్యోగం అయిపోయిన మనిషి, తలదువ్వుకుని, చేతిసంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పోయిందా?"

"ఇంకా మొదలే పెట్టలేదు సార్!"

"అదేమిటమ్మా, పొద్దెక్కింది! పోవాలంటే ముందు ఉండాలి కదా."

సంచీ తగిలించడానికి గోడ వంక చూశారు. తలుపు పక్కన కొత్త మేకు ఉంది. ఫిట్టరు బాబాయ్ ముందురోజే కొట్టి ఉంచాడు. సారు దాన్ని వేలితో కదిపి చూశారు.

"ఊడిపోతుంది" అని సంచీ తగిలించారు.